పేరులోని ఋణము

గణితమువలె కఠినమైనదనియు, యంత్రమువలె నిర్దాక్షిణ్యమైనదనియు లోకము భావించు కంప్యూటరు విద్యలో పేర్లు మాత్రము పిల్లల ఆటగదిలోనివో, మిఠాయి దుకాణములోనివో అన్నట్లుండును. ఒక వ్యవస్థకు ఆఫ్రికా మైదానములలో తిరుగు మృగము పేరు. వేరొకదానికి ఒక యువకుని పేరును అతని ప్రేయసి పేరును అతికించిన పేరు. ఒకదాని కూర్పులకు బొమ్మల సినిమాలోని పాత్రల పేర్లు. ఇంకొకదాని కూర్పులకు తీపి వంటకముల పేర్లు. బ్యాంకుల లెక్కలు, ఆసుపత్రుల దస్తావేజులు, కోట్లాది జనుల చేతిలోని ఫోనులు ఇట్టి వ్యవస్థల మీదనే ఆధారపడియున్నవి. ఇంత బరువైన పనులు చేయువానికి ఇంత తేలికైన పేర్లు ఎట్లు వచ్చినవి? తీరికగల ఇంజనీర్ల వేళాకోళమని కొట్టివేయుట సులభము. కాని ఈ పేర్ల పుట్టుకను విచారించినచో, మేలైన పరిహాసములన్నిటి వెనుకను ఒక ఋణము కనిపించును. తెలుగు కవి కావ్యారంభమున పూర్వకవులకు నమస్కరించినట్లు ఈ శిల్పులు తమ ముందువారికి నమస్కరించిరి. నమస్కారమును నవ్వుగా మార్చిరి, అంతయే భేదము.

ఆపరేటింగ్ సిస్టమనగా యంత్రమునకును మనుష్యునకును నడుమ నిలుచు మూల ప్రోగ్రాము. యంత్రములోని జ్ఞాపకస్థలమును పంచిపెట్టుట, ఫైళ్లను భద్రపరచుట, ఒకేసారి నడువవలసిన పనులకు వంతులు నిర్ణయించుట దాని విధులు. పెద్ద సంస్థానములో దివాను వంటిది. రాజు పేరు అందరికిని తెలియును. దివాను చేసిన ఏర్పాట్లు ఎవరి కంటికిని కనబడవు. కనబడని పని చేయువారికి కీర్తి దక్కుట అరుదు. అందుచేతనే కాబోలు, ఈ పని చేసినవారు తమ గురుతులను, తమ గురువుల గురుతులను పేర్లలోనే దాచిపెట్టిరి.

ఈ కథకు మూలము 1960ల నాటి అమెరికాలో కలదు. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ, జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ, బెల్ పరిశోధనాలయము కలిసి 'మల్టిక్స్' అను మహావ్యవస్థను నిర్మింప పూనుకొనినవి. ఒక్క యంత్రమును అనేకులు ఒకే సమయమున వాడుకొనవలెనని సంకల్పము. పేరులోని 'మల్టి' అను మాటకే అనేకమని అర్థము. సంకల్పము గొప్పది; కాని పని జాగు పడినది, వ్యయము పెరిగినది. 1969లో బెల్ వారు తప్పుకొనిరి. ఆ పనిలో పాల్గొనిన కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ ఊరకుండలేదు. న్యూజెర్సీ రాష్ట్రములోని మర్రే హిల్‌లో, అంతగా వాడుకలో లేని పి.డి.పి.-7 అను చిన్న యంత్రముపై, తమ తోడివారితో కలిసి తమకు కావలసినంత మేరకు ఒక చిన్న వ్యవస్థను కట్టుకొనిరి. దానికి 'యూనిక్స్' అను పేరు వచ్చినది. 'మల్టి' అనగా అనేకము గదా. 'యూని' అనగా ఒకటి. పెద్దది అనేక విధముల చేయదలచినదానిని ఈ చిన్నది ఒక్క విధమున చేయునని చమత్కారము. ఈ శ్లేషకు కర్త వారి సహచరుడు బ్రయన్ కెర్నిహన్ అని ప్రసిద్ధి.

పైకి చూచిన ఇది ఎత్తిపొడుపు. లోతునకు పోయిన ఇది అంగీకారపత్రము. చెట్టు కొమ్మలవలె ఫైళ్లను అమర్చు పద్ధతియు, మనుష్యుడు టైపు చేసిన ఆజ్ఞలను గ్రహించు 'షెల్' అను భాగమును యూనిక్సునకు మల్టిక్సు నుండియే సంక్రమించినవి. తల్లిని వెక్కిరించిన బిడ్డ తల్లి పోలికలతోనే పెరిగినది. మల్టిక్సు కూడ వెంటనే నశింపలేదు. కెనడాలోని హాలిఫాక్సులో దాని కడపటి యంత్రము 2000వ సంవత్సరమున ఆగిపోయెను. నాటికి లోకములో అధికులు దానిని మరచియుండిరి. తల్లి పేరు బిడ్డ పేరులోని వేళాకోళమునందే బ్రదికియున్నది.

యూనిక్సులో తెర వెనుక నిత్యము మెలకువగా నుండి, తమ పని వచ్చినపుడు చేయు ప్రోగ్రాములు కొన్ని గలవు. వానిని 'డీమన్లు' అందురు. ఈ మాట యూనిక్సుకంటె పాతది. 1963లో మసాచుసెట్స్‌లో ఫెర్నాండో కోర్బాటో బృందమువారు దీనిని వాడుకలోనికి తెచ్చిరి. పందొమ్మిదవ శతాబ్దిలో జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ అను భౌతికశాస్త్రవేత్త, వేగముగల అణువులను ఒక వైపునకు, మందగతిగల వానిని మరియొక వైపునకు వేరుచేయు ఒక చిన్న జీవిని ఊహించెను. శాస్త్రజ్ఞులు దానిని మాక్స్‌వెల్ భూతమని పిలిచిరి. అలుపెరుగక, కనబడక పని చేయు ఆ భూతమే ఈ ప్రోగ్రాములకు పేరైనది. బేతాళుని కథలు విని పెరిగిన తెలుగువానికి ఇది వింత కాదు. అయితే బేతాళుడు ప్రశ్నలతో విసిగించును. ఈ భూతము మారు పలుకక సేవ చేయును. పేరు విన్నవాడు నవ్వుకొనును. పేరు విచారించినవాడు ఒక భౌతికశాస్త్ర గ్రంథము వద్దకు చేరును.

యూనిక్సు ఇంటిలో ఈ ఆచారము వంశపారంపర్యమైనది. బి.సి.పి.ఎల్. అను ప్రోగ్రాము భాష నుండి థాంప్సన్ 'బి' అను భాషను చేసెను. దాని తరువాత రిచీ చేసిన భాషకు 'సి' అని పేరు. 1973లో యూనిక్సును ఆ భాషలోనే తిరిగి వ్రాసిరి. ఫైలును పుట తరువాత పుటగా చూపు ప్రోగ్రామునకు 'మోర్', అనగా 'ఇంకను', అని పేరుండెను. అది ముందుకే పోగలదు. వెనుకకును పోగల ప్రోగ్రామును మార్క్ నూడెల్‌మన్ వ్రాసి 'లెస్' అని పేరు పెట్టెను. కొంచెమే ఎక్కువ అను ఆంగ్ల సామెతపై అది చమత్కారము. స్టీఫెన్ బోర్న్ వ్రాసిన షెల్ బోర్న్ పేరనే చలామణి అయినది. 1989లో బ్రయన్ ఫాక్స్ దానికి బదులుగా స్వేచ్ఛగా వాడుకొనదగిన షెల్‌ను వ్రాయగా, దానికి 'బోర్న్ అగైన్ షెల్', సంక్షిప్తముగా 'బాష్' అని పేరైనది. బోర్న్ మరల వచ్చెననియు, మరల జన్మించిన షెల్ అనియు రెండర్థములు. ముందువాని పేరు పలుకక వెనుకటివాని పేరు పలుకుట అసాధ్యము. పూర్వకవి స్తుతికి ఇంతకంటె చిన్న పద్యము ఉండదు.

ఈ ఆచారమునకు పరాకాష్ఠ 'గ్ను'. యూనిక్సు అమెరికా టెలిఫోను కంపెనీ సొత్తైనది. దాని లోపలి వ్రాతను చూచుటకు, మార్చుటకు, ఇతరులకిచ్చుటకు అనుమతి కావలసివచ్చెను. ఇది సహింపక రిచర్డ్ స్టాల్మన్ 1983 సెప్టెంబరు 27న, ఎల్లరును స్వేచ్ఛగా వాడుకొనదగిన వేరొక వ్యవస్థను నిర్మింతునని ప్రకటించెను. దానికి పెట్టిన పేరు ఆఫ్రికా మృగము పేరే అయినను, విప్పి చెప్పిన 'గ్నూస్ నాట్ యూనిక్స్', అనగా 'గ్ను యూనిక్సు కాదు' అని యగును. ఆ వాక్యములోని గ్ను ఏది? అదియు గ్నువే. ఎంత విప్పినను మొదటి మాట మిగిలియేయుండును. తర్కశాస్త్రజ్ఞులు దీనిని ఆత్మాశ్రయ దోషమందురు. తనను నిరూపించుటకు తననే చూపించుట తప్పు గదా! ఆ వ్యవస్థలో నడిబొడ్డున నుండవలసిన 'హర్డ్' అను భాగము పేరు ఇంకను విచిత్రము. దానిని విప్పగా 'హిర్డ్' అను మాట వచ్చును. హిర్డును విప్పగా మరల హర్డు వచ్చును. ఇది అన్యోన్యాశ్రయ దోషము. తార్కికుడు దోషమనినది ప్రోగ్రాములు వ్రాయువానికి నిత్యసాధనము. తనను తానే పిలుచుకొను ప్రోగ్రాములతో అతడు ఎన్నియో చిక్కులను విడదీయును. దోషమునే భూషణముగా ధరించుట అచ్చటి రసికత.

ఇందులో ఇంకొక విశేషము కలదు. 'యూనిక్సు కాదు' అను పేరు యూనిక్సును విడువలేదు. అది యూనిక్సువలెనే నడువవలెననియు, యూనిక్సుపై వ్రాసిన ప్రోగ్రాములు దానిపైనను నడువవలెననియు స్టాల్మన్ సంకల్పము. యాజమాన్యమును నిరాకరించెను, శిల్పమును స్వీకరించెను. ఆలంకారికులు నిందాస్తుతి అను ప్రక్రియను ఎరుగుదురు. నిందవలె వినిపించు ఈ మూడు మాటలలో స్తుతి ఇమిడియున్నది.

1991లో ఫిన్‌లాండ్ రాజధాని హెల్సింకీలో లీనస్ టోర్వాల్డ్స్ అను ఇరువదియొక్క యేండ్ల విద్యార్థి ఒక కెర్నెల్‌ను, అనగా వ్యవస్థకు గుండెకాయ వంటి భాగమును, వ్రాయ మొదలిడెను. విద్యార్థుల కొరకు ఆండ్రూ టానెన్‌బామ్ 1987లో వెలువరించిన 'మినిక్స్' అను చిన్న యూనిక్సు అతనికి పాఠశాల. తాను చేయుచున్నది సరదా పని మాత్రమేననియు, గ్ను వలె పెద్దది కాబోదనియు ఆగస్టు 25న మినిక్సు వాడువారికి తెలియజేసెను. తన పేరు పెట్టుకొనుట అహంకారమని తలచి, విచిత్రుడు అను అర్థము స్ఫురించునట్లు 'ఫ్రీక్స్' అను పేరు నిశ్చయించుకొనెను. వరుసగా బిడ్డలు దక్కని తెలుగు తల్లి పుట్టిన శిశువును పెంటకుప్పపై నుంచి, తిరిగి ఎత్తుకొని, పెంటయ్య అని పిలుచుట గ్రామములలో అందరు ఎరిగినదే. పేరు తక్కువైన బిడ్డ నిలుచునని నమ్మకము. ఫ్రీక్సు అట్టి పేరే. కాని దానిని ఇతరులకు అందుబాటులో నుంచిన సర్వరును చూచుచుండిన ఆరి లెమ్కే అను మిత్రునకు ఆ పేరు నచ్చలేదు. అతడు ఆ ఫైళ్లను 'లినక్స్' అను పేరుగల అరలో నుంచెను. ఆ పేరే నిలిచినది.

ఇచ్చట పరిహాసము ముగిసి వివాదము మొదలైనది. లినక్సు కెర్నెల్ మాత్రమే. దానిని సంపూర్ణ వ్యవస్థగా చేసిన షెల్, కంపైలరు మొదలగు పరికరములలో అధికభాగము గ్ను వారివి. 1992లో లినక్సును కూడ గ్ను వారి అనుమతిపత్రము క్రిందనే విడుదల చేసిరి. అయినను లోకము మొత్తము వ్యవస్థను లినక్సు అనియే పిలిచెను. దానిని 'గ్ను/లినక్స్' అనవలెనని స్టాల్మన్ పట్టుబట్టెను. ఇది పేరు కొరకు కీచులాట అని అనేకులు నవ్విరి. నవ్వుట న్యాయము కాదు. వేతనము లేక ఏండ్ల తరబడి శ్రమించినవారికి దక్కునది గుర్తింపు ఒక్కటియే. పేరు కురుచచేసినపుడు పలుకుటకు హాయి కలుగును. ఆ హాయికి వెల ఎవరో ఒకరి శ్రమను మరచుట. పిలుచుటకు ఇబ్బందియైనను ఆ జంటపేరు సత్యమునకు దగ్గరగా నున్నది.

ఆ జంటపేరును ఆదరించినవారిలో డెబియన్ వారు ముఖ్యులు. డెబియన్ అనునది కెర్నెలును, గ్ను పరికరములను, వేలకొలది ప్రోగ్రాములను కూర్చి ఇచ్చు సంపుటము. 1993లో ఇయన్ మర్డాక్ దీనిని స్థాపించి, ప్రేయసి డెబ్రా పేరును తన పేరును కలిపి డెబియన్ అనెను. ఆయన 2015లో మరణించెను, పేరు మిగిలినది. దాని కూర్పులకు ముద్దుపేర్లు వచ్చుటకు ఒక పొరపాటు తోడైనది. పూర్తికాని వ్యవస్థను ఒక సీడీల వర్తకుడు 1.0 అని ముద్రించి అమ్మివేసెను. ఆ సంఖ్య చెడిపోయినందున, మొదటి అసలైన కూర్పు 1996లో 1.1గా వెలువడినది. సంఖ్య వేసినచో పని పూర్తియైనదని లోకము నమ్మును. ముద్దుపేరు పెట్టినచో ఆ భ్రమ కలుగదు. నామకరణమునకు ముందు శిశువును ఇంటివారు ఏదో ఒక పేరుతో పిలుచుకొనినట్లే ఇదియు. అప్పటి నాయకుడు బ్రూస్ పెరెన్స్ పిక్సార్ అను సినిమా సంస్థలో పని చేయుచుండెను. ఆ సంస్థ తీసిన 'టాయ్ స్టోరీ'లోని బొమ్మల పేర్లు కూర్పులకు వచ్చినవి: మొదటిది 'బజ్', 2025లో వెలువడినది 'ట్రిక్సీ'. ఎప్పటికిని స్థిరపడని ప్రయోగ శాఖకు మాత్రము 'సిడ్' అను పేరు శాశ్వతము. ఆ కథలో సిడ్ బొమ్మలను విరుగగొట్టు పొరుగింటి కుర్రవాడు. ఇది పరిహాసమే కాదు, హెచ్చరిక కూడ.

డెబియన్‌పై ఆధారపడి 2004లో దక్షిణాఫ్రికాకు చెందిన మార్క్ షటిల్‌వర్త్ స్థాపించిన వ్యవస్థ 'ఉబుంటు'. ఆ మాట దక్షిణాఫ్రికాలోని న్గూనీ భాషలది. సాటివారితో కూడియే మనుష్యుడు మనుష్యుడగునను భావము దానిది. మూలము గంభీరమైనను కూర్పుల పేర్లు వినోదములు. మొదటిది 'వార్టీ వార్ట్‌హాగ్', అనగా పులిపిరుల అడవిపంది. తొందరలో వెలువడు మొదటి కూర్పునకు లోపములను పులిపిరులుండునని ముందే ఒప్పుకొనుట! విశేషణమును మృగము పేరును ఒకే అక్షరముతో మొదలగుట నియమము. 2006 నుండి అకారాది క్రమమును పాటించిరి. 2024 ఏప్రిల్‌లో వచ్చినది 'నోబుల్ నంబాట్'. యతిని మెచ్చు తెలుగు చెవికి ఈ నియమములోని సొగసు వివరింప నక్కరలేదు.

వర్తకుల చేతికి వచ్చినపుడు ఈ ఆచారము రంగు మారినది. ఆపిల్ సంస్థ 2001 నుండి తన వ్యవస్థ కూర్పులకు చిరుత, జాగ్వారు, పులి మొదలగు మృగముల పేర్లు పెట్టి, 2013 నుండి కాలిఫోర్నియాలోని స్థలముల పేర్లకు మారినది. గూగుల్ వారి ఆండ్రాయిడ్ 2009లో 'కప్‌కేక్'తో మొదలై అక్షర క్రమమున తీపి వంటకముల పేర్లు పెట్టుకొనెను. 2013లో నెస్లే వారి చాక్లెట్టు పేరు 'కిట్‌క్యాట్' కూడ వ్యవస్థ పేరైనది. సొమ్ము చేతులు మారలేదని గూగుల్ వారు చెప్పిరి; ప్రచారము మాత్రము రెండు చేతులకును అందినది. ఈ పేర్లు తియ్యనివి, పిల్లలకు సైతము జ్ఞాపకముండునవి. కాని ఇవి ఎవరికిని నమస్కరింపవు. ఆండ్రాయిడ్ అడుగున నున్నది లినక్సు కెర్నెల్. ఆ సంగతి ఏ మిఠాయి పేరును చెప్పదు.

2019లో గూగుల్ వారు ఆ ఆచారమును బహిరంగముగా మానుకొని, పదవ కూర్పును సంఖ్యతోనే పిలిచిరి. కొన్ని భాషలవారికి కొన్ని ధ్వనుల భేదము తెలియదనియు, 'పై' అను వంటకము అన్ని దేశములలోను తీపి కాదనియు వారు చెప్పిన కారణములు. ఈ ఆక్షేపణ నిజమైనది, తోసివేయరానిది. బోర్న్ పేరుపై శ్లేషయు, 'లెస్' పేరులోని సామెతయు ఆంగ్లము పుట్టుకతో వచ్చినవారికే వెంటనే తెలియును. తెలుగు విద్యార్థి వానిని అర్థము లేని ఆజ్ఞలుగా కంఠస్థము చేయుచున్నాడు. నలుగురు మిత్రులు ఒక గదిలో నవ్వుకొనిన మాట నలుమూలల లోకమునకు చిక్కుముడి యగుచున్నది. కాని దీనికి మందు పేర్లను సంఖ్యలుగా మార్చుట కాదు. సంఖ్య అందరికిని అర్థమగును. ఏ చరిత్రయు చెప్పదు. చిక్కుముడిని కోసివేయుటకంటె విప్పి చూపుట మేలు. కంప్యూటరు నేర్పు ఉపాధ్యాయుడు ఆజ్ఞతోపాటు దాని పేరు పుట్టిన కథను కూడ చెప్పినచో, విద్యార్థికి ఆజ్ఞయు గుర్తుండును, దానిని చేసిన మనుష్యుడును గుర్తుండును.

భారతీయులకును ఈ పేర్లతో సంబంధము లేకపోలేదు. 2016లో ఆండ్రాయిడ్ కూర్పునకు పేరు సూచింపుడని గూగుల్ వారు ప్రజలను కోరగా, కేరళీయులు 'నెయ్యప్పము' కొరకు ఉత్సాహముతో ప్రచారము చేసిరి. నిలిచినది 'నౌగాట్'. భారత ప్రభుత్వ సంస్థయైన సి-డాక్ వారు డెబియన్ ఆధారముగా నిర్మించిన వ్యవస్థ 'బాస్'. భారత్ ఆపరేటింగ్ సిస్టమ్ సొల్యూషన్స్ అను మాటల తొలి అక్షరములవి. యజమాని అను శ్లేష అందు కలదు. హైదరాబాదులోని స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉద్యమకారులు తెలుగున నడుచు వ్యవస్థను చేసి, తమ ఉద్యమము పేరైన 'స్వేచ్ఛ'నే దానికిని పెట్టిరి. స్టాల్మన్ ఆశయమును ఒక్క తెలుగు మాటలో చెప్పిన పేరది. ఆపరేటింగ్ సిస్టములు కాకున్నను, వాని తెరపై తెలుగును కనబరచు అక్షరరూపముల పేర్లు ఇంకను మనోహరములు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు చేసిన రెండింటికి పోతన, వేమన అని పేర్లు. తరువాత వచ్చిన వానిలో పెద్దన, తిమ్మన, ధూర్జటి, గురజాడ, గిడుగు గలరు. కంప్యూటరుపై తెలుగు టైపు చేయువాడు అక్షరరూపమును ఎంచుకొను ప్రతిసారియు, తెలిసియో తెలియకయో ఒక పూర్వకవిని స్మరించుచున్నాడు.

ఇకమీద తెలుగువారు నిర్మింపబోవు ప్రోగ్రాములకు ఎట్టి పేర్లు పెట్టవలెనని నిర్ణయించువారు దీనిని గమనింతురు గాక. గంభీరమైన సంస్కృత సమాసమే పెట్టవలెనను నియమము లేదు. వెక్కిరింపు, శ్లేష, ముద్దుపేరు తెలుగు ఇండ్లలో కొరత లేని సంపద. మరువరానిది ఒక్కటియే. ఏ ప్రోగ్రామును శూన్యము నుండి పుట్టదు. ముందు వ్రాసినవాని వ్రాతపై వెనుకవాడు వ్రాయును. ఆ ముందువారిలో అనేకులకు వేతనము గాని, బిరుదము గాని, విగ్రహము గాని లేదు. వారి ఋణము తీర్చుట ఎవరికిని సాధ్యము కాదు. ఋణమున్నదని పేరున ఒప్పుకొనుట సాధ్యము. మర్రే హిల్‌లోని ఆ చిన్న బృందము ఎగతాళిగానైనను ఆ పని చేసినది. తమ మహావ్యవస్థలకు కేవలము సంఖ్యలు తగిలించుకొనుచున్న నేటి సంపన్న సంస్థలు ఆ మాత్రపు మర్యాదను నేర్చుకొనుట మంచిది.